క్లాసు గ్రూపులో పీడీఎఫ్ పెట్టడం తప్పా?

పాఠానికి పనికొచ్చే వ్యాసం దొరికితే దాన్ని విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కూడా జంకే లెక్చరర్లున్నారు. కాపీరైట్ నోటీసు వస్తుందేమోనని టెన్షన్. ఆ భయం చాలావరకు అనవసరమని నా అభిప్రాయం. అయితే దానికి చోటిచ్చిన లోపం మన చట్టంలోనే ఉంది.

బోధనలో భాగంగా టీచర్ గానీ విద్యార్థి గానీ ఒక రచనను కాపీ చేసుకుంటే ఉల్లంఘన కాదని 1957 నాటి కాపీరైట్ చట్టం సెక్షన్ 52 చెబుతోంది. ఇన్ని పేజీలే అన్న పరిమితి అక్కడ లేదు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసు నడిచింది ఈ మినహాయింపు మీదే. సిలబస్‌లోని పుస్తక భాగాలను కలిపి కోర్స్ ప్యాక్‌లుగా అమ్ముతున్నారంటూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో క్యాంపస్‌లోని రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద, యూనివర్సిటీ మీద దావా వేశాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. డిసెంబరులో అదే కోర్టులోని ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ కొన్ని అంశాలను తిరిగి విచారణకు పంపినా, అసలు సంగతి తేల్చేసింది: ఎంత కాపీ చేశారన్నది కాదు, బోధనకు అది అవసరమా అన్నదే చూడాలి. 2017లో ప్రచురణకర్తలే కేసు వదులుకున్నారు.

అది కాగితం కేసు. పీడీఎఫ్ మాటేమిటి? ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడం కూడా కాపీ చేయడం కిందికే వస్తుందని సెక్షన్ 14 అంటోంది. కాబట్టి డిజిటల్ కాపీకీ ఆ మినహాయింపు వర్తించాలి. చిక్కల్లా రచనను ప్రజలకు అందుబాటులో ఉంచడాన్ని అదే సెక్షన్ వేరే హక్కుగా చూడటంతో వచ్చింది. బోధన మినహాయింపు ఆ హక్కు ఊసెత్తలేదు. మరి ఒక్క క్లాసు పిల్లలున్న గ్రూపును ‘ప్రజలు’ అనాలా? అనకూడదనే నా వాదన. ఎవరైనా చేరగలిగే టెలిగ్రామ్ చానెల్‌లో అదే ఫైలు పెడితే మాత్రం ఈ వాదన నిలవదు. అక్కడ జరిగేది పాఠం కాదు, పంపిణీ. కొన్ని వందల ప్రతులే అమ్ముడయ్యే తెలుగు పుస్తకానికి ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది.

2025 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వేల పరిశోధన జర్నల్స్‌ను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించింది. మంచి పనే. కానీ ప్రైవేటు కాలేజీలు దాని పరిధిలోకి రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్, డిగ్రీ చదివేవాళ్లలో ఎక్కువమంది ఉన్నది అక్కడే. ఖరీదైన జర్నల్ కొనలేని ఆ కాలేజీల్లో టీచర్‌కు దిక్కు సెక్షన్ 52 ఒక్కటే.

అందుకే పార్లమెంటు ఆ సెక్షన్‌కు చిన్న సవరణ చేయాలి. కోర్సులో పేరు నమోదైన విద్యార్థులకు, వాళ్లు మాత్రమే చూడగలిగే చోట, డిజిటల్‌గా పంచడం కూడా బోధనేనని స్పష్టంగా రాయాలి.