ఒంటికాలి మీద నిలబడ్డ విజ్ఞానం

సూపర్‌కండక్టర్‌ని, అంటే కరెంటుకి ఏమాత్రం అడ్డు చెప్పని, అయస్కాంతం మీద తేలే పదార్థాన్ని, గది ఉష్ణోగ్రతలోనే కనిపెట్టడం ఈమధ్య బాగా తేలికైపోయింది. ఎల్‌కే-99 లాంటి వాటి పేరుతో వచ్చిన వీడియోలు చూడండి. చల్లబరిచే ద్రవ హీలియం అక్కర్లేదు, అతి చిన్న అయస్కాంతత్వాన్ని కూడా కొలిచే స్క్విడ్ మాగ్నెటోమీటర్ అక్కర్లేదు. ఒక నియోడిమియం అయస్కాంతం, గోటిచివరంత నల్లటి పెంకు, చెయ్యి వణికే కెమెరా మనిషి ఉంటే చాలు. పెంకు ఒక అంచు పైకి లేవాలి. రెండో అంచు అయస్కాంతాన్ని అంటిపెట్టుకునే ఉండాలి. ఆ మాత్రానికే 1911లో డచ్ శాస్త్రవేత్త ఓన్స్ 4.2 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దగ్గర పాదరసంలో రెసిస్టెన్స్ మాయమవడం చూసిందంతా పాతబడిపోతుంది.

ఆ దృశ్యాన్ని కాసేపు తీరిగ్గా చూడండి. పెంకు ఒంటికాలి మీద తపస్సు చేసే మునిలా నిక్కి నిలబడి ఉంటుంది. కింద అయస్కాంతాన్ని అటు జరిపితే అటు ఒరుగుతుంది, ఇటు జరిపితే ఇటు. ఆ కాలు కూడా లేస్తుందేమో అని మనం ఊపిరి బిగబట్టేసరికి ఫోకస్ పోతుంది. మళ్లీ వచ్చేసరికి కాలు ఎక్కడిదక్కడే. మళ్లీ జరుపుతారు, మళ్లీ పోతుంది. దీనికి పెద్దలు పెట్టిన పేరు 'పాక్షికంగా తేలడం'. మునిగిపోతున్నవాడి చెయ్యొకటి నీళ్ల పైన కనిపిస్తే పాక్షికంగా ఈదుతున్నాడని చప్పట్లు కొట్టడం లాంటిదే ఇది.

అయస్కాంతం మీద ఇనుప రజను చల్లితే నిక్కబొడుచుకుంటుందని బడిపిల్లలకీ తెలుసు. పెంకులో ఏ కాస్త ఫెర్రోమాగ్నెటిక్ (ఇనుములా అయస్కాంతానికి అతుక్కునే) రేణువులున్నా దాని పొడవు వైపు అయస్కాంత ఫీల్డ్ రేఖల వెంట తిరగాలని చూస్తుంది. ధ్రువం పైన ఆ రేఖలు నిలువుగా ఉంటాయి కాబట్టి పెంకూ లేచి నిలబడుతుంది, ఆకర్షణ కాబట్టి కాలు మాత్రం ఊడదు. ఇలాంటి పెంకుల్నే పెకింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో కొలిచి, ఈ నిలబడడానికి ఫెర్రోమాగ్నెటిజం సరిపోతుందని చూపించారు.

పోనీ, కాలు పూర్తిగా లేచిందే అనుకుందాం. నాలుగు అయస్కాంతాల్ని ధ్రువాలు మార్చి మార్చి చదరంగా పేర్చి, పైన పైరోలిటిక్ గ్రాఫైట్ పలక పెడితే మామూలు గదిలోనే హాయిగా తేలుతుంది. దాని ససెప్టిబిలిటీ (అయస్కాంతానికి ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె, మైనస్ అంటే వికర్షణ) మైనస్ పదివేలలో నాలుగైదు వంతులు. సూపర్‌కండక్టర్‌ది మైనస్ ఒకటి. 16 టెస్లాల ఫీల్డ్‌లో బతికున్న కప్పని కూడా తేల్చారు, ఆ కప్పని సూపర్‌కండక్టర్ అని ఎవరూ అనలేదు. (అప్పట్లో ఫోన్ కెమెరాలు లేక కప్ప బతికిపోయింది.) అసలైన సరుకు చూడాలంటే వైబీసీవో అనే నిజమైన సూపర్‌కండక్టర్ పెల్లెట్‌ని చిన్న ఎడం ఉంచి అయస్కాంతం మీద పెట్టి, ద్రవ నత్రజనితో 77 కెల్విన్‌కి చల్లబరచండి. తర్వాత మొత్తాన్ని తలకిందులు చెయ్యండి. అదే ఎడంతో గబ్బిలంలా వేలాడుతుంది. ఒంటికాలి మునిని ఒక్కసారి అలా తిప్పి చూపించమనండి!

ఇంతలో 'రెసిస్టెన్స్ సున్నా' అనే గ్రాఫ్ వస్తుంది. ఏ సున్నా? అడ్డుకోత ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి ముక్క మీద వోల్టేజ్ కాంటాక్టుల్ని 3 మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి. రెసిస్టెన్స్ 50 మైక్రో ఓమ్‌లు. 1 మిల్లీ ఆంపియర్ పంపితే వచ్చేది 50 నానోవోల్టులు. మీటర్ నాయిస్ 100 నానోవోల్టులైతే రాగి కూడా గది ఉష్ణోగ్రతలో సూపర్‌కండక్టరే, రండి, బహుమతి పుచ్చుకోండి. కరెంటు పెంచాలి, దిశ మార్చి మార్చి సగటు తీసి, వేడి తేడాల వల్ల పుట్టే థర్మల్ వోల్టేజ్‌ని తీసెయ్యాలి. తీగని అతికించిన సిల్వర్ పేస్ట్ చుక్క లోపల్లోపల ఊడిపోయినా, కరెంటు పగుళ్ల పక్కనుంచి దారి చూసుకున్నా వోల్టేజ్ కొలిచే రెండు తీగల మధ్య సున్నా వస్తుంది, ఒక్కోసారి మైనస్ కూడా వస్తుంది. సున్నా కంటే తక్కువ రెసిస్టెన్స్‌కి ఇంకా ఎవరూ పేటెంట్ అడగలేదు, అదొక్కటే మిగిలింది.

ఎల్‌కే-99 సంగతీ ఇదే. సీసం సమ్మేళనాన్ని కాపర్ ఫాస్ఫైడ్‌తో నూరి, క్వార్ట్జ్ గొట్టంలో వాక్యూమ్ సీల్ చేసి, 925 డిగ్రీల దగ్గర కాల్చారు. సీసం సమ్మేళనంలో గంధకం ఉంది, రెండో దాంట్లో రాగి ఉంది. రెండూ కలిస్తే కాపర్ సల్ఫైడ్ పుట్టక ఏం పుడుతుంది? దానికి 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిర్మాణం మారుతుంది, రెసిస్టెన్స్ ధడేల్మని మారుతుంది. గ్రాఫ్‌లోని అద్భుతం కూడా సరిగ్గా అక్కడే. స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ కాపర్ సల్ఫైడ్ లేని స్ఫటికాల్ని పెంచితే అవి ఊదారంగులో, పారదర్శకంగా వచ్చాయి. రెసిస్టెన్స్ మిలియన్ల ఓమ్‌లు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కబోయింది.

ఇక మాగ్నెటైజేషన్, అంటే ఫీల్డ్‌లో పదార్థం ఎంత అయస్కాంతమవుతుందో కొలవడం. సూపర్‌కండక్టరైతే అది మైనస్ రావాలి. పద్ధతి తెలియనిది కాదు: ఫీల్డ్ లేకుండా చల్లబరిచి, 10 ఓర్‌స్టెడ్‌ల చిన్న ఫీల్డ్ పెట్టి, వేడెక్కుతుండగా ఒకసారి కొలవాలి, అదే ఫీల్డ్‌లో చల్లబరుస్తూ ఇంకోసారి. కానీ అంతకు ముందే కొలిచే యంత్రంలోని మాగ్నెట్‌ని 7 టెస్లాల దాకా తీసుకెళ్లి ఊరికే దించేస్తే, తెర మీద సున్నా అని ఉన్నా శాంపిల్ దగ్గర ఎదురు దిశలో ఇరవై ముప్పై ఓర్‌స్టెడ్‌లు మిగిలి ఉంటాయి. మీరు పెట్టిన పది దానికి చాలదు. అప్పుడు మామూలు పారామాగ్నెట్ (ఫీల్డ్ వైపు కొద్దిగా లాగబడే పదార్థం) కూడా మైనస్ చూపిస్తుంది. ఫీల్డ్‌ని అటూ ఇటూ ఊపుతూ సున్నాకి తెస్తే ఈ పీడ చాలావరకు పోతుంది, అరగంట పని. ఆ అరగంట ఎవరికీ ఉండదు, వీడియో తియ్యడానికి మాత్రం పూటంతా ఉంటుంది.

ఇక్కడ నవ్వు రావడం లేదు. 2020లో నేచర్‌లో 15 డిగ్రీల సెల్సియస్ సూపర్‌కండక్టర్ అంటూ వచ్చిన పేపర్‌ని 2022 సెప్టెంబర్‌లో పత్రికే వెనక్కి తీసుకుంది. కారణం: బ్యాక్‌గ్రౌండ్‌ని, అంటే శాంపిల్‌ది కాని సిగ్నల్‌ని, ఎలా తీసేశారో పేపర్లో చెప్పలేదు, తీసిన పద్ధతి కూడా అందరూ వాడేది కాదు. శాంపిల్‌ని పట్టుకునే హోల్డర్ సిగ్నల్, శాంపిల్ సిగ్నల్ కలిపి వచ్చే అంకెల్లోంచి మీకు నచ్చిన గీతని తీసేస్తే, మిగిలేది మీకు నచ్చిన గీతే! ముడి డేటా ఫైల్ పెట్టడానికి ఏం రోగం? కొన్ని కిలోబైట్లు. ఎల్‌కే-99 వాళ్ల మాట నమ్మి ఎక్కడెక్కడి రీసెర్చ్ స్కాలర్లో సీసం ధూళి మధ్య మాస్కు పెట్టుకుని నూరారు. ఫాస్ఫరస్ ఉన్న గొట్టాన్ని తొందరపడి వేడి చేస్తే ఆవిరి ఒత్తిడికి అది పేలిపోతుంది, అదీ వాళ్ల ముఖాల ముందే. నెలల తర్వాత 'ఏమీ రాలేదు' అని నిజాయతీగా రాస్తే దాన్ని చదివే దిక్కుండదు. మనుషుల ఏళ్లు తినేస్తున్నారు మీరు, తెలుస్తోందా?

ముడి డేటా అడిగితే జవాబుగా కొత్త వీడియో వస్తుంది. ఈసారి కెమెరాకి స్టాండ్ కూడా కొన్నారు. ఫోకస్ మాత్రం అక్కడే పోయింది.