వీక్లీ ఆఫ్ లాగేసుకుని ధ్యానం చేయమంటే ఎలా?

పోలీసు సిబ్బంది ఒత్తిడి తగ్గించుకోవాలంటూ పెరేడ్ గ్రౌండ్‌లో శిబిరాలు పెడుతుంటారు. ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు, ఇంట్లోవాళ్లతో కాసేపు గడపమంటారు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో నైట్ బీటు దిగి నేరుగా వచ్చినవాళ్లుంటారు. ఆ వారం రావాల్సిన ఆఫ్ బందోబస్తు కింద పోయినవాళ్లూ ఉంటారు. ఇంటికి మిగిలిన ఒక్క రోజునూ లాగేసుకుని, ఇంట్లోవాళ్లతో గడపమని చెప్పడం ఏం న్యాయం?

పోలీసులకు వీక్లీ ఆఫ్ ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2019 జూన్‌లో ప్రకటించింది. తర్వాత ఏమైందో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్టేషన్ రికార్డులు రాసే ఏ రైటర్‌ని అడిగినా చెబుతారు. ముందురోజు రాత్రి వచ్చే ఒక్క ఫోనుతో ఆఫ్ ఎగిరిపోతుంది. ఎందుకు రద్దయిందో కాగితం మీద ఉండదు. బదులు రోజు ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పరు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి చూసినవారికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ముందురోజు సోమవారం జరిగే తొలేళ్ల ఉత్సవం నుంచే సిబ్బంది రోడ్డు మీద ఉంటారు. మంగళవారం పూజారి కూర్చున్న పొడవాటి సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా తాడు పట్టుకుని జనాన్ని ఆపుతూనే ఉంటారు. పొద్దున ఇచ్చిన పులిహోర పొట్లం మధ్యాహ్నానికీ విప్పని కానిస్టేబుల్ కనిపిస్తాడు. మహిళా కానిస్టేబుళ్ల సంగతి చెప్పనే వద్దు. దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగడమే మానేస్తారు. అరసవల్లి రథసప్తమికి అర్ధరాత్రి నుంచే క్యూలైన్ల దగ్గర ఇదే అవస్థ. ఆ మర్నాడు మామూలు డ్యూటీ మామూలే.

ఇది మన జిల్లాల గోడు మాత్రమే కాదు. 2014లో పోలీసు పరిశోధన, అభివృద్ధి బ్యూరో కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ దేశవ్యాప్తంగా అధ్యయనం చేసింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని, 73 శాతానికి పైగా మందికి నెలలో ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదని తేల్చింది. పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టేనని 1861 నాటి చట్టంలో తెల్లదొరలు రాసిపెట్టారు. 1948 ఫ్యాక్టరీల చట్టం మిల్లు కార్మికుడికి వారానికో సెలవు ఇచ్చింది. ఆ మిల్లు గేటు దగ్గర బందోబస్తుకు నిలబడే పోలీసుకు మాత్రం ఆ భాగ్యం లేదు. సంఘం పెట్టి అడుగుదామంటే పోలీసుల హక్కులకు పరిమితులు పెట్టిన 1966 చట్టం అడ్డం. నోరు విప్పితే మెమో.

సిబ్బంది తక్కువ, శాంతిభద్రతలకు ఆఫీసు వేళలుండవు అని అధికారులు అంటారు. నిజమే. అయితే ఖాళీలు నింపాల్సింది ప్రభుత్వం. అవి నింపకుండా, ఉన్నవాళ్ల నిద్రలోంచి ఆ లోటు పూడ్చుకుంటూ, పైగా ఒత్తిడి ఎలా తట్టుకోవాలో వాళ్లకే పాఠం చెప్పడాన్ని మేం ఒప్పుకోం. హోంగార్డుకైతే డ్యూటీకి రాని రోజు డబ్బులే ఉండవు. అతనికి ఏ శిబిరంలో ఏం చెబుతారు?

నిద్రలేని మనిషి చేతిలో లాఠీ ఉంటుంది, ఒక్కోసారి తుపాకీ ఉంటుంది. అర్ధరాత్రి ఏడుస్తూ స్టేషన్ మెట్లెక్కిన ఆడమనిషి మాట మొదట వినాల్సింది అతనే. అతను కసిరితే తప్పే, చెయ్యి చేసుకుంటే నేరమే. దానికి అలసట సాకు కాదు. కానీ ఆ స్థితిలో అతన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవారి తప్పు మాటేమిటి?

ముంబైలోని దేవనార్ స్టేషన్‌లో 2016లో 8 గంటల డ్యూటీ మొదలుపెట్టారు. అంత జనం, అన్ని కేసులు ఉన్న నగరంలో ప్రయత్నించగలిగినప్పుడు పలాసలో, రాజాంలో, బొబ్బిలిలో ఎందుకు కుదరదు? ఆఫ్ రద్దు చేసే అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. అదే కాగితం మీద బదులు రోజు తేదీ కూడా వేయాలి. సిరిమాను తిరిగే మంగళవారం అందరూ డ్యూటీలోనే ఉండాలి, కాదనేవారు లేరు. బుధ, గురువారాల్లో వాళ్లలో ఎంతమందిని ఇంటికి పంపారో ఎస్పీ కార్యాలయం లెక్క చెప్పాలి. ఆ లెక్క బయటపెట్టలేనివారు ఇంకో శిబిరానికి షామియానా వేయించొద్దు.