పక్క బీటు మనిషి కోసం

ఈశాన్య రుతుపవనాలు పుంజుకోగానే చెన్నై నుంచి గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట, నాయుడుపేట మీదుగా గూడూరు వెళ్లే రైలు మార్గంలో రాత్రి గస్తీ మొదలవుతుంది. కట్ట ఎక్కడైనా కోసుకుపోయిందా, వంతెన కింద నీరు ఎంత ఎత్తుకు వచ్చింది అని చూసుకుంటూ పెట్రోల్‌మన్ చేతిలో దీపంతో, సంచిలో డిటొనేటర్లతో (పట్టాల మీద పెడితే చక్రం కింద పేలి బండి నడిపేవాడిని హెచ్చరించేవి) తన బీటు, అంటే తనకు అప్పగించిన పట్టాల భాగం, పొడవునా వానలో నడుస్తాడు. బీటు చివర పక్క బీటు మనిషి ఎదురు రావాలి, ఇద్దరూ గస్తీ పుస్తకాలు మార్చుకొని వెనుదిరగాలి. అతను రాకపోతే వెనక్కి మళ్లకూడదనీ, అతను కలిసేదాకా ముందుకే నడవాలనీ రైల్వే నియమావళి చెబుతోంది. రైలు భద్రత కోసం రాసుకున్న నియమమే ఇది. కానీ పట్టాల మీద బతికేవారికి ఇందులో మరో మాట వినిపిస్తుంది: రావలసినవాడు పాము కరిచి పడిపోయాడో, తడిసిన స్లీపర్ మీద కాలు జారి కాలువలో పడ్డాడో కళ్లారా చూడకుండా ఇంటికి పోకు.

పగటి పనిలోనూ ఇదే కాపలా. చెన్నైలోని వ్యాసర్‌పాడి, బేసిన్ బ్రిడ్జి దగ్గర లైన్లు పక్కపక్కనే పరుచుకుని ఉంటాయి. ఒక బండికి దారి ఇవ్వబోయి పక్క లైనులోకి అడుగు వేసినవాడిని, మొదటి బండి మోతలో వినిపించని రెండో బండి పొట్టనపెట్టుకుంటుంది. కరెంటు బండ్లు వచ్చాక దూరం నుంచే వినిపించే ఆవిరి ఇంజను రొద కూడా లేదు. అందుకే పట్టాలు బాగుచేసే గ్యాంగు వంగి పని చేస్తున్నప్పుడు ఒకడు నిటారుగా నిలబడి, ఈల నోట పెట్టుకుని, రెండు వైపులా చూస్తుండాలి. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల నుంచి వచ్చినవారూ, తమిళులూ కలిసి పనిచేసే గ్యాంగులో ఒకరు ‘బండి’ అని అరుస్తారు, మరొకరు ‘వండి’ అని అరుస్తారు. ఒక్క అక్షరమే తేడా కాబట్టి ఎవరికీ తర్జుమా అక్కర్లేదు.

అయితే మనుషులు చాలక ఈ కాపలా మనిషి చేతికే పార అందించవలసి వస్తున్నప్పుడు, జరిగే ప్రమాదాలను కార్మికుల అజాగ్రత్త అనడం అన్యాయం. 2023 జూన్‌లో సమాచార హక్కు చట్టం కింద రైల్వే ఇచ్చిన జవాబు ప్రకారం దేశమంతటా అప్పటికి 2.74 లక్షలకు పైగా పోస్టులు ఖాళీగా ఉండేవి. అందులో భద్రతకు సంబంధించినవే 1.7 లక్షలకు పైచిలుకు. అంతకు చాలా ముందే, 2012లో, అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన ఉన్నత స్థాయి భద్రతా సమీక్షా సంఘం, విధి నిర్వహణలో చనిపోతున్న రైల్వే సిబ్బంది గురించి ప్రభుత్వాన్ని గట్టిగానే హెచ్చరించింది. 2007-08 నుంచి కొద్ది సంవత్సరాలలోనే సుమారు 1600 మంది మరణించారని ఆ నివేదిక లెక్క చెప్పింది. ప్రయాణికుల ప్రమాదమైతే దేశమంతా ఉలిక్కిపడుతుంది. పట్టాల బిగింపులు చూసుకుంటూ నడిచే ఒక కీమన్ మరణం జిల్లా పేజీలో నాలుగు పంక్తులతో సరిపోతుంది. ఈ విషయంలో పత్రికలకూ బాధ్యత ఉంది, మాకూ ఉంది.

ఆ నాలుగు పంక్తుల తరువాత జరిగేది మాత్రం తోటివారికే తెలుసు. అంత్యక్రియల ఖర్చుకు గ్యాంగులో చందా పోగవుతుంది. తెలుగు తప్ప మరో భాష రాని, చనిపోయినవాడి భార్యను వెంటబెట్టుకుని, తన సెలవు ఖర్చు చేసుకుని, డివిజన్ కార్యాలయంలో ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరిగేవాడు తోటి గ్యాంగ్‌మనే. కుటుంబ పింఛను కాగితం, వారసత్వ ధ్రువపత్రం, కారుణ్య నియామకం దరఖాస్తు అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ‘అక్కా, ఇక్కడ సంతకం చెయ్యి’ అని వేలితో చోటు చూపిస్తాడు. పాలనా యంత్రాంగం ఒక తెలుగు తెలిసిన సహాయకుడిని నియమిస్తే తీరిపోయే పని ఇది.

రైల్వే కార్మికుల సమాఖ్య వ్యవస్థాపకుల్లో ఒకరైన వి.వి.గిరి, రాష్ట్రపతి పదవి నుంచి దిగిన తరువాత, 1980లో ఈ చెన్నైలోనే కన్నుమూశారు. ఆయన తరం సంఘాలు కట్టింది ఈ పరస్పర ఆదరణ పునాది మీదే. అది యాజమాన్యం ఖాళీలను పూడ్చే ఉచిత శ్రమగా మారిపోవడాన్ని మేము అంగీకరించలేము.

జంట లైను ఉన్నచోట కట్ట తెగితే రెండు వైపుల నుంచీ బండ్లు రావచ్చు. ఒక వైపు 1200 మీటర్ల దూరం పరుగెత్తి మూడు డిటొనేటర్లు పెట్టి, మళ్లీ వెనక్కి వచ్చి రెండో వైపు పరుగెత్తడం చీకట్లో, వానలో ఒంటరి మనిషికి ఎంతసేపు పడుతుందో అధికారులు ఒక్క రాత్రి నడిచి చూడాలి. ఈ వానాకాలం ముగియకముందే చెన్నై డివిజన్‌లోని ప్రతి రాత్రి బీటుకూ ఇద్దరేసి పెట్రోల్‌మన్లను కేటాయించాలని, ప్రతి గ్యాంగుకూ మరే పనీ అప్పగించని కాపలా మనిషిని ఇవ్వాలని, రైలు రాకను ముందే తెలిపే ‘రక్షక్’ పరికరాన్ని కీమన్లందరి చేతికీ అందించాలని మేము దక్షిణ రైల్వేను కోరుతున్నాము.