మంగళవారం అప్పు

(మంగళవారం పొద్దున్న. ప్రసాదరావు పేపర్లో బిజినెస్ పేజీ తెరిచాడు. ఆ పేజీ తెరిచాడంటే ఇంట్లో ఎవరికో ఖర్చే.)

ప్రసాదరావు: సావిత్రీ, నీ గాజులు ఓ ఆర్నెల్లు ఇవ్వవే.

సావిత్రి: ఎందుకు, వేసుకుంటారా?

ప్రసాదరావు: తాకట్టుకి. మిల్లెట్ దోసెల బండి పెడదామని.

సావిత్రి: అది ఎదురింటి రమణ ఐడియా కదూ! నిన్న మేడ మీద అతను ఫోన్లో చెబుతుంటే, ఆరేసిన బట్టలు తీసే వంకతో పావుగంట నిలబడ్డారు. జన్మలో ఒక్క తువ్వాలు తీసిన మనిషి కాదు!

ప్రసాదరావు: తప్పేంటి? రాజ్యాంగంలో చాలా భాగం బ్రిటిష్ వాళ్లు చేసిన 1935 చట్టంలోదేనని ఎత్తిపొడిస్తే, అరువు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదని అంబేడ్కరే అన్నారు, 1948లో.

సావిత్రి: ఆయన నిండు సభలో అందరూ వింటుండగా అన్నారు. మీరు దుప్పటి చాటున నక్కి విన్నారు.

ప్రసాదరావు: సరే, గాజుల సంగతికి రా. 1991లో దేశమే బంగారం తాకట్టు పెట్టింది. దాదాపు 47 టన్నులు! విమానంలో లండన్‌కి పంపారు.

సావిత్రి: దేశం ఆ అప్పు ఆ ఏడాదే తీర్చేసింది. నా చంద్రహారం మాత్రం ఏటా రెన్యువల్ చేయించుకుంటూ బ్యాంకులోనే కాపురముంటోంది.

ప్రసాదరావు: అప్పు లేనిదెవరికే? బ్యాంకు నడిచేదే మన డిపాజిట్లతో. అంటే మన దగ్గర చేసిన అప్పు. అదీ చాలకపోతే రిజర్వ్ బ్యాంకు తలుపు కొడుతుంది. మన రెండు రాష్ట్రాలూ మంగళవారం వస్తే బాండ్లు వేలం వేయించి తెచ్చుకుంటాయి.

సావిత్రి: ఏమిటీ, మంగళవారమా?

ప్రసాదరావు: చాలావరకు మంగళవారాలే.

సావిత్రి: ఇంకేం, అందుకే తీరి చావడం లేదు! మంగళవారం చేసిన అప్పు తీరదని మా నాయనమ్మకి తెలుసు. అంత పెద్ద ఆర్థిక శాఖలో ఒక్కరికీ తెలియదా?

ప్రసాదరావు: వెంకన్నకే తప్పలేదు. పెళ్లికి కుబేరుడి దగ్గర చేయి చాచాడు.

సావిత్రి: ఆయన వడ్డీకి ఊరూవాడా కదిలొచ్చి హుండీలో వేస్తారు. మీ వడ్డీకి నేనొక్కదాన్నే.

ప్రసాదరావు: పోనీ, ఓ యాభై వేలు చేబదులు?

సావిత్రి: చేబదులు లేదు. పాడుకున్న చీటీ డబ్బులున్నాయి. నూటికి రెండు రూపాయలు. నోటు రాయండి.

ప్రసాదరావు: కట్టుకున్న మొగుడికి రెండు రూపాయల వడ్డీనా! ఏడాదికి 24 శాతం!

సావిత్రి: నేను గాజులు అడగడం లేదుగా. తేదీ మాత్రం రేపటిది వేయండి. మూడేళ్లు దాటితే నోటు చెల్లదని లెక్కలేసుకోకండి, గడువుకి నెల ముందే తిరగరాయిస్తా.

ప్రసాదరావు: సంతకం ఎక్కడ?

సావిత్రి: రెవెన్యూ స్టాంపు మీద. పోస్టాఫీసుకెళ్లి రూపాయి స్టాంపు తెచ్చుకోండి.

ప్రసాదరావు: (జేబులు తడుముకుంటూ) ఆ రూపాయి కూడా నువ్వే సర్దవే.

సావిత్రి: అయితే అంకె దిద్దండి. 50,001.