వైద్యులకే ఇంతకాలం పట్టింది కదా!

జెండర్, లైంగికత గురించి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడంపై వచ్చిన వ్యాసంలో, "డెబ్బై దాటినవారికి ఇవన్నీ అర్థం కావు, చెప్పడం వృథా" అన్న వ్యాసకర్త మాటను నేను ఒప్పుకోలేను. వాళ్లు పెరిగిన రోజుల్లో వైద్య గ్రంథాలే స్వలింగ ఆకర్షణను జబ్బుగా రాశాయి. అమెరికా మనోవైద్యుల సంఘం దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక రుగ్మతల కింద నుంచి తప్పించిన ఆ సంస్థ కొత్త జబ్బుల వర్గీకరణకు ఆమోదం దొరికింది 2019లో! డాక్టర్లకే ఇన్నేళ్లు పడితే, పెద్దవాళ్లకు ఒక్క పూటలో ఎలా బోధపడుతుంది?

మా అమ్మమ్మకు తేడా చెప్పడానికే చాలా రోజులు పట్టింది. తాను ఎవరో తన మనసుకు తెలియడం జెండర్ గుర్తింపు, ఆ మనసు ఎవరి వైపు మొగ్గుతుందన్నది లైంగికత. ఈ పదాలేవీ ఆమెకు గుర్తుండలేదు. కానీ ట్రాన్స్‌జెండర్ అయిన మా పిన్ని బిడ్డను పాత పేరుతో పిలిచినప్పుడల్లా తనే ఆగి, సరిదిద్దుకుని, కొత్త పేరుతో మళ్లీ పిలిచేది. నాకు అది చాలా గొప్పగా అనిపించింది.

అయితే ఈ ఓపిక భారమంతా ఆ బిడ్డ మీద వేయడం అన్యాయం. ప్రతి బంధువుకూ తన బతుకును వివరించుకోవడం ఎంత అలసటో దగ్గరగా చూశాను. అందుకే మామయ్యలకు, బాబాయిలకు చెప్పే పని ఇప్పుడు నేను తీసుకున్నాను.