గడువు తీరిన సేమ్యా ఎవరికి?

ఆహార భద్రత కోసం మన దేశం 2006లో ఒక చట్టం చేసుకుంది. ఆ చట్టం ఊళ్లన్నీ తిరిగింది గానీ మన వంటింటి అటక మాత్రం ఇంకా ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరమూ కనిపించదు. అక్కడ అంతకంటే పాతదీ, గట్టిదీ అయిన వ్యవస్థ ఎప్పట్నుంచో నడుస్తోంది. దానికి ఇన్‌స్పెక్టర్లు లేరు, ల్యాబులు లేవు, అప్పీలు అసలే లేదు. ఇంత పటిష్టమైన వ్యవస్థను లెక్కచేయకుండా ఈ మధ్య కొందరు కోడళ్లు "డేట్ అయిపోయిందత్తయ్యా" అంటూ ప్యాకెట్లకు ప్యాకెట్లు చెత్తబుట్టలో వేస్తున్నారని తెలిసి నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ తేదీ వేసి తీరాలి. ‘బెస్ట్ బిఫోర్’ కూడా వేయాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. మొదటిది దాటితే ఆ సరుకు తినడానికి పనికిరాదు. రెండోది దాటితే రుచి, కరకర కాస్త తగ్గవచ్చు, అంతే. తేడా ఇంత స్పష్టంగా ఉంది కాబట్టే మన ఇళ్లలో దాని జోలికి ఎవరూ పోరు. రెండింటినీ కలిపి "అదేదో డేటు" అని ఊరుకుంటారు. పైగా ఆ తేదీలన్నీ సీలు విప్పని ప్యాకెట్‌కే. విప్పి, రబ్బరు బ్యాండు చుట్టి, స్టవ్వు పక్కన కూర్చోబెట్టిన సేమ్యా గురించి కంపెనీ మనకే మాటా ఇవ్వలేదు.

అసలు ఆ తేదీ దొరకాలి కదా. ‘సీలు మీద చూడండి’ అని వెనకాల చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ సీలే కత్తెరతో కోసి పారేసిన మూల. నాలుగు మూలలున్నా, కత్తెర తేదీ ఉన్న మూల మీదే పడుతుంది. తర్వాత సరుకును స్టీలు డబ్బాలోకో పాత హార్లిక్స్ సీసాలోకో ఒంపి, కవరు కూడా పారేస్తారు. డబ్బా అడుగున పోయిన సంక్రాంతి రవ్వ, పైన ఈ నెల రవ్వ. ఏ రవ్వ ఏ బ్యాచ్‌దో తేల్చడం ఫోరెన్సిక్ నిపుణుల వల్ల కూడా కాదు. సాక్ష్యం లేదు కాబట్టి నేరమూ లేదు.

అయినా అనుమానమొస్తే కేసు అత్తగారి ముక్కు దగ్గరికి వెళ్తుంది. డబ్బా మూత తీసి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గట్టిగా పీల్చి తీర్పు చెబుతారు. "బానే ఉంది" అంటే నిర్దోషి. "వేయిస్తే పోతుంది" అంటే జరిమానాతో సరి. "ఓ పూట ఎండలో పెట్టండి" అంటే బెయిలు. శిక్ష పడిన సరుకు ఇంతవరకు నా ఎరుకలో లేదు. రవ్వలో పురుగు కనబడిందా, ఇంకా మంచిది. "పురుగు పట్టిందంటే మందు కొట్టలేదన్నమాట" అని జల్లెడ తీసుకొస్తారు. దోషమే సర్టిఫికెట్ అయిపోవడం ఏ కోర్టులో చూస్తాం?

ఆ ముక్కును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆవకాయ జాడీ మీద ఎవరు తేదీ వేశారు? ఉప్పు, ఆవపిండి, పులుపు, పైన తేలే నూనె, తడి తగలని గరిటె, ఇవే దాని గడువు. బియ్యం పాతబడితే ధర పెరుగుతుంది. పాత కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు, అంతేగానీ ఎవర్నీ ఏమీ చేయదు. ఎండుకొబ్బరి వేసిన కారప్పొడి కమురు వాసనొస్తే ముక్కు ఇట్టే పట్టేస్తుంది.

ముక్కుకు అందనివి మాత్రం కొన్ని ఉన్నాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం మేతలో కలిపిన వేరుశనగ పిండి అని తేలింది. ఆ వేరుశనగకు పట్టిన బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మనం మూకుడులో వేయించినంత మాత్రాన పోదు. ఉబ్బిన టిన్నులో ఉండగల బొటులినమ్ విషానికైతే వాసనే లేదు. ఈ కేసులు తమ పరిధిలోకి రావని ధర్మాసనం ఇప్పటికీ ఒప్పుకోలేదు. "బూజు గింజలు ఏరేసి పచ్చడి చేసెయ్" అన్నదే అమల్లో ఉన్న తీర్పు.

ధర కూడా గడువును పొడిగిస్తుంది. నలభై రూపాయల సేమ్యా తేదీ దాటిన మర్నాడే అనుమానితురాలు. అమెరికా నుంచి పెదనాన్నగారబ్బాయి మోసుకొచ్చిన బాదంపప్పుకు మాత్రం చావు లేదు. ఎవరైనా పెద్దవాళ్లొస్తే పెడదామని దాస్తారు. అంత పెద్దవాళ్లు ఇంకా పుట్టలేదు.

ఇంతకీ మన వ్యవస్థకు ప్రాణం ఎక్కడుందంటే, మన ఇళ్లలో సరుకు పాడవదు, బదిలీ అవుతుంది. అల్లుడుగారొస్తే కొత్త ప్యాకెట్ విప్పుతారు. తేదీ దగ్గరపడినవి పిల్లల టిఫిన్ బాక్సుల్లోకి. దాటినవి ఇంటాయనకు, ఆయన పేపరు చదువుతూ తింటారు గనక. ఆయన కూడా వద్దన్నది ఇల్లాలికి. ఆవిడ చూసేది తేదీ కాదు, గిన్నెలో మిగిలిందా లేదా అని. ఆవిడకూ అనుమానమొస్తే అప్పుడు పనిమనిషి గుర్తొస్తుంది.

అమెరికా చాక్లెట్ మీద తెల్లటి పొర కట్టిందనుకోండి. అది మన ఎండకు కొవ్వు కరిగి పైకి తేలడం, దానివల్ల ప్రమాదమేమీ లేదు. అయినా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. "తీసుకెళ్లవే, మీ పిల్లలు తింటారు" అని చేతిలో పెడతారు. నిక్షేపంగా ఉన్నది అలా గుమ్మం దాటిపోతుంది, బూజు గింజల పచ్చడి డైనింగ్ టేబుల్ మీదే ఉంటుంది. మర్నాడు అంట్లు తోముతున్నప్పుడు వెనక నిలబడి ఎంతో ఆప్యాయంగా అడుగుతారు: "పిల్లలు తిన్నారా? బానే ఉన్నారుగా?" బానే ఉన్నారని తెలిశాక ఫ్రిజ్‌లో ఆపి ఉంచిన రెండో ప్యాకెట్ బయటికొస్తుంది. ఇలాంటి ప్రయోగానికి మందుల కంపెనీలైతే వాలంటీర్ల చేత సంతకాలు పెట్టించుకోవాలి. మనకా తలనొప్పి లేదు, పైగా పుణ్యం.

కాబట్టి ప్రభుత్వం లేబులింగ్ నిబంధనలను ఇంకోసారి సవరించాలని మనవి. ఆకుపచ్చ చుక్క పక్కన ఖాళీ ఉండనే ఉంది. అక్కడ ఒకే తేదీ కాకుండా హోదాల వారీగా వేయించాలి. అల్లుడికి: తయారైన నెలలోపు. పిల్లలకు: గడువు తేదీ వరకు. ఇంటాయనకు: అత్తగారి ముక్కు ఒప్పుకున్నంత కాలం. ఇల్లాలికి: మిగిలినప్పుడు. పనిమనిషికి తేదీ అక్కర్లేదు. ఇచ్చిన రోజు మాత్రం కేలండర్లో రాసి పెట్టుకోవాలి, దసరా మామూలు అడిగినప్పుడు గుర్తు చేయడానికి.