గుంయ్‌కారం

మా ఇంట్లో తుమ్మెద దూరిందని మొదట కనిపెట్టింది మా అమ్మ.

"ఒరే, ఆ కొత్త పెట్టెలో ఏదో పురుగు చేరినట్టుండాది. గుంయ్‌మంటా ఉండాది. అంగడోడికి తిరిగిచ్చేసి రా" అంది.

అది పురుగులు చేరే పెట్టె కాదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో రెండు శనివారాలు తిరిగి, గొంతు పోయేదాకా బేరమాడి కొన్న సెకండ్‌హ్యాండ్ యాంప్లిఫయర్. బరువు పదహారు కిలోలు. పైన పెడితే ఎవరైనా కింద పడేస్తారని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకునే తెచ్చాను. రేణిగుంట వచ్చేసరికి కాళ్లున్నాయో లేదో తెలియలేదు. తిరుపతిలో దిగి బైరాగిపట్టెడకి ఆటో ఎక్కితే, నేను దాన్ని పట్టుకున్న తీరు చూసి "కొండకు మొక్కుబడా సార్?" అని అడిగాడు ఆటో అబ్బాయి.

పెట్టె దించిన వెంటనే, ఇంట్లోవాళ్ల నోళ్లు మూయించడానికి నేనొక ఎత్తు వేశాను. "సీరియల్ కూడా ఇందులోనే వినొచ్చు, సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంటుంది" అని, టీవీ కింది సెట్‌టాప్ బాక్సు నుంచి ఒక సన్నటి ఆడియో వైరు లాగి యాంప్లిఫయర్‌కి తగిలించాను. ఈ వైరును గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ఆ రాత్రి వీణ రికార్డు పెట్టుకుని కూర్చున్నాను. తీగ మీటిన తర్వాత నాదం సన్నబడి, సన్నబడి, ఇక ఉందా లేదా అనిపించే చోటు ఒకటుంటుంది. నేను అన్నేసి వేలు పోసింది ఆ చోటు కోసమే. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి స్పీకర్లలో గుంయ్‌య్‌య్. పాట ఆపినా గుంయ్. సౌండు సున్నాకి తగ్గించినా గుంయ్. అమ్మ చెప్పిన తుమ్మెదే.

బెంగళూరులో నాకొక సావాసగాడున్నాడు. ఇట్లాంటి జబ్బులకు వాడే వైద్యుడు, వాడే ముదిరిన రోగి. ఫోన్లో స్పీకరు దగ్గర పెట్టి వినిపించాను. "కరెంటు మురికిరా" అని తేల్చేశాడు. "మనకొచ్చేది 230 వోల్టులు, సెకనుకు యాభై సార్లు ఊగే కరెంటు. ఫ్రిజ్జు, ఎల్‌ఈడీ బల్బు, ఫ్యాను రెగ్యులేటరు, ఫోన్ చార్జరు అన్నీ కలిసి అందులో చెత్త కలుపుతాయి. యాంప్లిఫయర్ చేసేది ఆ కరెంటునే పాట ఆకారంలో స్పీకరుకు తోయడం. అంటే నువ్వు వినేది పాట కాదు, కరెంటు." అక్కడితో ఆగినా బాగుండేది. "శ్రీశైలం నీళ్ల కరెంటు వచ్చే రోజు వినిచూడు, మెత్తగా ఉంటుంది. ముద్దనూరు బొగ్గు కరెంటు కాస్త గరుకు" అన్నాడు. గ్రిడ్డులో పడ్డాక ఇది నీళ్లది, ఇది బొగ్గుది అని విడదీయడం, సాంబార్లో ఉప్పు ఏ అంగడిదో చెప్పడం లాంటిదని తెలుసు. అయినా రెండు రోజులు శ్రీశైలం డ్యాములో నీటిమట్టం ఎంతుందో పేపర్లో చూశాను.

మొదట పవర్ కార్డు మార్చాను. తొండ మెడంత లావు, మీటరున్నర పొడవు, తొమ్మిది వేలు. ఇంట్లో తొమ్మిది వందలని చెప్పాను. తుమ్మెద కదల్లేదు.

తర్వాత స్టెబిలైజరు. మా వీధిలో మున్సిపాలిటీ నీళ్లు వదిలారంటే అన్ని ఇళ్లలో మోటార్లు ఒక్కసారే మొదలవుతాయి. వోల్టేజీ కాళ్లు జారి పడుతుంది, మళ్లీ లేస్తుంది. స్టెబిలైజరు లోపల రిలే అది గమనించి 'టక్' అంటుంది, సర్దుకోగానే మళ్లీ 'టక్'. ఆఫీసులో సంగీతం తెలిసిన పెద్దాయన ఒకాయన్ని వినడానికి పిలిచాను. ఆయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. నీళ్లొచ్చాయి. టక్, టక్. ఆయన కళ్లు తెరిచి "ఆది తాళం అనుకున్నా, ఖండచాపులో పోతా ఉండాదే" అన్నారు.

మూడోది డెడికేటెడ్ లైను. మీటరు బోర్డు నుంచి తిన్నగా హాల్లోకి నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికో సొంత ఎంసీబీ, పదహారు ఆంపియర్ల సాకెట్టు. ఫ్రిజ్జుతో, మిక్సీతో పొత్తు లేదు. కొత్తగా సున్నం వేసిన గోడకు గాడి కొట్టించాల్సి వచ్చింది. మా ఆవిడ ఆ గాడిని, నన్ను మార్చి మార్చి చూసింది.

"జపానులో ఒక పెద్దాయన సంగతి తెలుసా? ఎనభై రెండేళ్ల లాయరు. పాటలు వినడానికి ఇంటి ముందర సొంతానికి కరెంటు స్తంభమే నాటించుకున్నాడు. దగ్గర దగ్గర పది వేల డాలర్లు. 2016లో అమెరికా పేపర్లో వేశారు. ఆయనతో పోలిస్తే నేనెంత?" అన్నాను.

"ఆయన లాయరు. మీరు గుమాస్తా. స్తంభం సంగతి పక్కనపెట్టి వంటింట్లో ట్యూబులైటు మార్పించండి, ఆర్నెల్ల నుంచి కొట్టుకుంటా ఉండాది" అంది.

తుమ్మెద మాత్రం హాయిగా ఉంది.

"అయితే ఎర్తింగేరా" అన్నాడు బెంగళూరు వైద్యుడు. "పాత ఇల్లు కదా, ఎర్తు ఎండిపోయుంటుంది. యాంప్లిఫయర్‌కని వేరే గుంత తీయించు. దాన్ని ఇంకెవరూ తాకకూడదు." మడి కట్టుకున్న ఎర్తు అన్నమాట.

కత్తిరి ఎండల్లో ఇద్దరు మనుషుల్ని పెట్టి, ఇంటి ముందు కరివేపాకు చెట్టు పక్కన గుంత మొదలుపెట్టించాను. వీధిలో పోయేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. "బోరా సార్?" కాదన్నాను. ఎనిమిది అడుగుల జీఐ పైపు అని చెప్తే ఒక పెద్దాయన ఎంతో జాలిపడ్డాడు. "మా తావ వెయ్యడుగులు దించినా నీళ్లు పడలా. ఎనిమిదడుగులకు యాడ పడతాయి సామీ?" ఎర్తింగు అని మళ్లీ చెప్పాను. "ఏదైనా గానీ, ఎనిమిదికి పడవు" అని వెళ్లిపోయాడు.

పైపు చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు వేయాలి. మట్టిలో తడి నిలవడానికి, కరెంటు సులువుగా భూమిలోకి దిగడానికి. ఇస్త్రీ బండి అతని దగ్గర బొగ్గు దొరికింది. అంగట్లో ఇరవై కిలోల రాళ్లుప్పు అడిగితే అంగడాయన తూకం ఆపేశాడు. ఊరంతా ఆవకాయలు పెడుతున్న రోజులు. "ఎన్ని వేల కాయలు పెడతా ఉండారు సార్?" అన్నాడు. మొత్తానికి గుంత పూడ్చారు. ఉప్పూ బొగ్గూ దిగినంత మేర మట్టి పైన మిగిలిపోయి, పైపు మూతి చుట్టూ మోకాలెత్తు దిబ్బగా నిలబడింది. నాలుగు రోజులాగి ఎత్తిపోస్తాం అన్నారు కూలివాళ్లు. కూలివాళ్ల నాలుగు రోజులు మీకు తెలియనివి కావు.

సాయంత్రం దీపం పెట్టే వేళ చూసుకుని స్విచ్చు వేశాను.

గుంయ్ కాదు. ఘీంకారం. తుమ్మెద పోయి ఏనుగు వచ్చింది. ఏం వదులైందోనని యాంప్లిఫయర్ మీద ఒక చెయ్యేసి, రెండో చేత్తో సెట్‌టాప్ బాక్సు వెనక వైరు పట్టుకున్నాను. మోచేతుల దాకా జివ్వుమంది. నా కేక విని అమ్మ వంటింట్లోంచే "వద్దంటే వింటివా, కుట్టిందా?" అంది.

మర్నాడు తెల్లారకముందే కొర్లగుంట నుంచి ముసలి ఎలక్ట్రీషియన్ని పిలుచుకొచ్చాను. ఆయన చేతిలో టెస్టరు, చెవిలో బీడీ. లావు కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "స్తంభం నుంచి మీ ఇంటిదాకా వచ్చేది అల్యూమినియం వైరు సార్. దానెనక ఇంగా ఎన్ని మైళ్లుండాయో. ఈ కడాకరి మీటరున్నరకి పట్టుచీర కడితే ఎవురికి తెలస్తాది? ఎంతకి కొంటిరి?" మా ఆవిడ అక్కడే ఉంది. "తొమ్మిది వందలు" అన్నాను. "అట్లయితే డూప్లికేటే" అన్నాడు. ఎటు చూసినా నాకే పోయింది.

ఆ తర్వాత ఒక్కొక్క వైరే పీకుతూ వచ్చాడు. ఒకటి పీకడం, చెవి పెట్టి వినడం, మళ్లీ పెట్టడం. సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చే ఆ సన్నటి ఆడియో వైరు పీకగానే ఏనుగు లేదు, తుమ్మెదా లేదు. హాలు హాలంతా మూగబోయింది.

"రెండు తొట్లకు మద్దెన గొట్టం పెడితే, మట్టం ఎక్కువుండే దాంట్లోంచి తక్కువుండే దాంట్లోకి నీళ్లు పారతాయి కదా" అని విడమరిచాడు. "మీ పెట్టె ఎర్తు ఒక తొట్టి. ఈ కేబులు వైరు వీధంతా తిరిగి ఎవురెవురి ఇండ్లనో తాకొచ్చింది, అదింగో తొట్టి. పాట వచ్చే వైరే గొట్టం. ఆ పారకమే మీకు గుంయ్‌మనింది. మీరేమో గుంత తీసి మట్టంలో తేడా ఇంగా పెంచితిరి." అంతటితో వదల్లేదు. బీడీ తీసి వేలితో బెదిరించాడు. "ఇంటికి ఎర్తు ఒకటే ఉండాల. గుంతలు రెండుంటే రెంటినీ కలిపి కట్టాల. వేరేగా ఉంచితే పాట సంగతి దేవుడెరుగు, మనిషికే మోసం." అప్పటికప్పుడు రెండు ఎర్తులనూ కలిపి కట్టాడు. వైరు పీకినందుకు డబ్బులెంతన్నాను. "పీకిందానికి దుడ్లెందుకు, టీ తాపండి" అన్నాడు.

గొప్ప నిశ్శబ్దం వచ్చిందని వీణ పెట్టుకుని కూర్చుంటే, ఇన్నాళ్లూ వినబడని ఫ్యాను కిర్రు వినబడింది. ఫ్యాను ఆపి ఆ ఎండల్లో తిరుపతిలో కూర్చోవడం మనుషుల వల్ల కాదు. పైగా అమ్మ సీరియల్ మళ్లీ టీవీ గొంతుతోనే వస్తోంది. సినిమా హాలు అని చెప్పింది నేనే కాబట్టి మాట పడ్డాను.

ఎలక్ట్రీషియన్ పోతూ పోతూ అమ్మకొక పని చెప్పాడు. "దినామ్మూ చెంబుడు నీళ్లు పొయ్యి పెద్దమ్మా, తేమ ఉంటేనే ఎర్తు పని చేస్తాది." అమ్మ దాన్ని వ్రతంలా పట్టింది. తెల్లారి తలస్నానం చేసి, తడి చీరతో, ఇత్తడి చెంబుతో ముందు తులసికి, తర్వాత పైపు దిబ్బకు. వానాకాలం వచ్చినా మానలేదు. చేతికి పసుపు ఉంటే దిబ్బకూ అంటేది. కూలివాళ్లు రాలేదు. దిబ్బ మీద గడ్డి మొలిచింది.

కార్తీకం వచ్చింది. నాగులచవితి పొద్దున పేపరు కోసం తలుపు తీస్తే వాకిట్లో ఆరుగురు ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. దిబ్బకు పసుపు, కుంకుమ, పూలదండ. చిమ్మిలి, చలిమిడి. ఒకావిడ కళ్లు మూసుకుని పైపు మూతిలోకి పాలు పోస్తోంది. నేను నోరు తెరవబోయేంతలో అమ్మ తిరిగి చూసింది.

"గమ్మునుండు" అంది.

లోపలికి వచ్చి యాంప్లిఫయర్ వేశాను. ఫ్యాను అక్కర్లేని చలి. వీణ ఆగిన చోట నిజంగానే ఏమీ లేదు. ఆపుకోలేక బెంగళూరుకు ఫోన్ చేసి, ఎర్తులో పాలు పోశారనీ, నాదం ఎప్పటికన్నా మెత్తగా ఉందనీ చెప్పాను.

వాడు కాసేపు ఆలోచించాడు.

"ఆవు పాలా, ప్యాకెట్టు పాలా?" అన్నాడు.